అమ్మ గురించి రాయాలంటే ముందు వీధిలోకి వెళ్లండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖ కంచరపాలెంలో 31 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసిన మీ అమ్మగారు ఇంట్లోనే, నిద్రలోనే పోయారు. పద్దెనిమిది రోజులైంది, పెద్దకర్మ కూడా అయిపోయింది. కాలనీవాళ్లు సంస్మరణ సభ పెడదామంటున్నారు. మీ అన్నయ్య వీధి మొదట్లో విగ్రహం పెట్టిద్దామంటున్నారు. మీకేమో అమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేయాలని ఉంది. కానీ రాయడానికి కూర్చుంటే "మా అమ్మ చాలా మంచిది" దగ్గరే ఆగిపోతున్నానని, హైదరాబాద్ తిరిగి వెళ్లేలోపు ఏం చేయాలో చెప్పమని అడిగారు.

నేను అల్లిపురంలో 1988 నుంచి ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. ట్రెడిల్ మిషను మీద సీసం అక్షరాలు పేర్చిన రోజుల నుంచి ఇప్పటిదాకా, శుభలేఖల తర్వాత మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పెద్దకర్మ కార్డులు, సంస్మరణ పుస్తకాలే. కన్నవాళ్లను పోగొట్టుకుని రెండో రోజో మూడో రోజో నా ఎదుట కుర్చీలో కూర్చున్నవాళ్లను ఎందరినో చూశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు రెండు పనులు. వీటికి గడువుంది, ఏడుస్తూ అయినా చేసేయండి.

ఇంట్లో పోయారు కాబట్టి మరణం నమోదు మీరే చేయించాలి. ఆసుపత్రిలో అయితే వాళ్లే పంపేవారు. 21 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము ఉండదు. నెల దాటితే పైఅధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ దాకా తిరగాలి. మీకింక మూడు రోజులే ఉంది. రేపే అన్నయ్యను జీవీఎంసీకి, అంటే మన నగరపాలక సంస్థ ఆఫీసుకి పంపండి. పేరు, ఇంటిపేరు ఆధార్‌లోనూ బ్యాంకు పాస్‌బుక్కులోనూ ఎలా ఉన్నాయో అలాగే రాయించమనండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత మీరే తిరగాలి.

రెండోది అమ్మ ఫోను. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, రీసెట్ చేయించకండి. సిమ్ మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబరు ఆగిపోతుంది, కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. వాట్సాప్ ఖాతా కూడా నాలుగు నెలలు తెరవకపోతే పోతుంది. అందులో అమ్మ గొంతు ఉంటుంది. ఆ వయసువాళ్లకు టైపింగ్ కంటే మైకు గుర్తు నొక్కి మాట్లాడటమే తేలిక, అందుకని వాయిస్ మెసేజీలు చాలానే ఉంటాయి. వాటన్నిటినీ కంప్యూటర్లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి రెండు చోట్ల దాచండి. "పాలు కాచి పెట్టాను, తాగి వెళ్లు" అన్న మెసేజీ కూడా ఉంచండి. నాకు మా అమ్మ గొంతు ఒక్క నిమిషం కూడా లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మాటలు రాకపోవడానికి దుఃఖం ఒక్కటే కారణం అనుకోకండి. మీకు తెలిసింది ఇంట్లో ఉన్న అమ్మ. పొద్దున్న చెప్పులేసుకుని గేటు దాటాక ఆవిడ ఎవరింటికి వెళ్లారో, ఎవరితో ఏం మాట్లాడారో, ఎవరిని కోప్పడ్డారో మీకు తెలిసింది తక్కువ. ఆ సగం కంచరపాలెం వీధుల్లో పదిమంది దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంది. అది తెచ్చుకోకుండా రాయడం మొదలుపెడితే ఎవరి కలమైనా ఆగిపోతుంది.

ఇది నాకు తెలిసిన తీరు చెబుతాను. మా అమ్మ 2009లో పోయింది. ఆవిడకి చదువు రాదు. ప్రెస్‌లో అచ్చైన ఫారాలు, అంటే పుస్తకం పేజీలున్న పెద్ద కాగితాలు, ఇంటికి పట్టుకెళ్తే సాయంత్రాలు అరుగు మీద కూర్చుని మడతలు పెట్టేది. స్టీలు స్పూను కాడతో మడత మీద ఒక్కసారి గీసేది, అంచు కత్తిలా వచ్చేది. అందరి అమ్మానాన్నలకూ కార్డులు వేసినవాణ్ని, మా అమ్మ కార్డు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్లో పాత ఫైలు తెరిచి పేరు, తేదీ మార్చాను. "ప్రేమమూర్తి, త్యాగశీలి, అనురాగదేవత." మూడొందల కార్డులు. ఆ టెన్షన్‌లో అంతకంటే ఏమీ తోచలేదు.

బీరువాలో చీరల కింద హార్లిక్స్ సీసా ఒకటి దొరికింది. అందులో ఆరు మూటలు. ఒక్కొక్కటి ఒక్కో రంగు జాకెట్టు గుడ్డ ముక్కలో ముడేసి ఉంది. విప్పితే చిల్లర నోట్లు, నాణేలు. అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర. అమ్మ దాచుకున్న డబ్బు అమ్మకే ఖర్చవ్వాలి అనుకుని వంటవాళ్లకు అడ్వాన్సు ఇచ్చేశాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పూర్ణా మార్కెట్ దగ్గర పూలమ్మే ఆవిడ వచ్చింది. కార్డు నా చేతికిచ్చి "సదువు బాబూ, అమ్మగోరి గురించి ఏటి రాసినావో" అంది. చదివాను. కాసేపు ఊరుకుని, "ఇందల అమ్మగోరు నేదు బాబూ" అంది. ఆ మాటలో కోపం లేదు. తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుని చెప్పింది. ఆవిడ భర్త తాగుతాడు. డబ్బు ఇంట్లో ఉంటే మిగలదు. రోజూ మా గుమ్మం ముందు నుంచి వెళ్తూ పదో ఇరవయ్యో మా అమ్మ చేతిలో పెట్టేది. జూన్‌లో పిల్లల పుస్తకాలకు తీసుకునేది. ఆవిడ ఒక్కతే కాదట, ఆరుగురు. అమ్మకి రాత రాదు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుడ్డ. ఈవిడది ఆకుపచ్చ.

ఆ ఆకుపచ్చ మూట విప్పింది నేనే. ఆ మాట చెప్పేశాను. "పోనీలే బాబూ, అమ్మగోరి కర్మకే కదా అయింది" అంది. మర్నాడు ఆ ఆరుగురినీ వెతికి, ఎవరిది ఎంతో అడిగి ఇచ్చేశాను. ఆరుగురు చెప్పినదీ కూడితే నేను మూటల్లో లెక్కపెట్టిన మొత్తానికి సరిగ్గా సరిపోయింది. మా అమ్మ ఎవరో నాకు ఆ కూడిక చూశాక తెలిసింది. అప్పటికి కార్డులన్నీ పంచేశాను.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా పాత ఫైలు తెరవడం మానేశాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి అడుగుతాను.

అడగడంలో ఒక పద్ధతి ఉంది. "మా అమ్మ ఎలాంటిది?" అని అడిగితే ఎవరైనా "చాలా మంచిదమ్మా, దేవత" అంటారు. వాళ్లది మనస్ఫూర్తి మాటే, కానీ మీ చేతికి ఏమీ రాదు. ఊరందరికీ గుర్తున్న రోజును పట్టుకుని అడగండి. మన విశాఖలో అలాంటి రోజు హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు తానెక్కడున్నదీ చెప్పలేని మనిషి ఈ ఊళ్లో లేడు. "హుద్‌హుద్ రోజు మీరెక్కడున్నారు? ఆ తర్వాత మా అమ్మ మీకు మొదట కనిపించింది ఎప్పుడు? ఏం చేస్తోంది?" అని అడగండి. అలాగే 2020 లాక్‌డౌన్. అలాగే వాళ్లింట్లో మొదటి బిడ్డ పుట్టిన రోజులు.

గోపాలపట్నం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మ ఇడ్లీ బండి పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. "మా అమ్మ చాలా కష్టపడిందండీ" అని తప్ప ఒక్క మాట రాలేదు. బండి దగ్గర రోజూ తినే ఆటోవాళ్లను ఇదే ప్రశ్న అడగమని పంపాను. ఒకాయన చెప్పాడట: "తుఫాను మర్నాడు కరెంటు లేదు, పిండి రుబ్బే దారి లేదు. అయినా పొద్దున్నే బండి పెట్టింది. ఉప్మా చేసింది. బయట పాల ప్యాకెట్టు రెట్టింపు రేటుకి అమ్ముతున్నారు. ఈవిడ మాత్రం ఎప్పుడూ తీసుకునే రేటే తీసుకుంది." ఆ అబ్బాయి అప్పుడు చెన్నైలో ఉన్నాడు, ఇదేమీ తెలీదు. పుస్తకంలో మొదటి పేజీ అదే అయింది. కింద ఒక్క విశేషణం కూడా వేయలేదు.

మీ అమ్మగారి ఉద్యోగం వల్ల మీకు ఇంకో దారి ఉంది. అంగన్‌వాడీ టీచరు చేసిన పని ఊరి చరిత్రతో కలిసి ఉంటుంది. దేశంలో అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. పల్స్ పోలియో 1995లో వచ్చింది. ఆ ఆదివారాలు గుర్తు చేసుకోండి. చుక్కలు వేశాక పిల్లల ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కరు పెన్నుతో గుర్తు పెట్టేవారు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, పిల్లలందరికీ అందిన ఇంటి గోడ మీద సుద్దతో 'పి' అని, ఎవరైనా మిగిలిపోయిన ఇంటి మీద 'ఎక్స్' అని రాసేవారు. ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లాలి. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరించారు. ఆ సుద్దముక్క పట్టుకున్న లక్షల చేతుల్లో మీ అమ్మగారివి కూడా ఉన్నాయి. ఈ సంగతి పుస్తకంలో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ వెంటనే ఎక్స్ ఇంటి తల్లి ఒకావిడను వెతికి, టీచరమ్మ ఎన్నిసార్లు వచ్చారో, తలుపు తీయకపోతే ఏమన్నారో ఆవిడ నోటితోనే చెప్పించండి.

పాత రిజిస్టర్లు సెంటర్లో ఉంటే, ఇప్పటి టీచరు అనుమతితో అమ్మ చేతిరాత ఉన్న ఒక్క పేజీ ఫొటో తీసుకోండి. పిల్లల పేర్లు, బరువులు కనిపించకుండా చూసుకోండి, అవి వాళ్ల సొంత విషయాలు.

వాళ్లు మాట్లాడుతుంటే ఫోనులో రికార్డు చేయండి, ముందు అడిగి. రాసేటప్పుడు వాళ్ల యాసను దిద్దకండి. "సెప్పింది" అంటే "సెప్పింది" అనే ఉండాలి. మీ అమ్మగారి మాటలు కూడా ఆవిడ అన్నట్టే రాయండి. కోపం వస్తే ఏమని తిట్టేవారో అదీ రాయండి, ఎందుకంటే చదివేవాళ్లకు ఆవిడ గొంతు వినపడేది అక్కడే. ఒక జాగ్రత్త. అప్పులు, మొగుడూ పెళ్లాల గొడవలు, జబ్బులు, ఆడపిల్లల సంగతులు చాలానే బయటికి వస్తాయి. టీచరమ్మ దగ్గర జనం అవే చెప్పుకుంటారు. అలాంటివి పేరు తీసేసి వేయాలా, అసలు వదిలేయాలా అన్నది చెప్పినవాళ్లనే అడగండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, సరేనంటేనే ప్రెస్‌కి ఇవ్వండి. మీ అమ్మగారు నోట్లో దాచుకున్న విషయాన్ని మనం అచ్చేయకూడదు.

పుట్టిన తేదీ ఆధార్ చూసి వేయకండి. పెద్దవాళ్లలో చాలామందికి అక్కడ జనవరి 1 ఉంటుంది. స్కూలు టీసీ దొరికితే చూడండి, లేదా మేనమామను అడగండి. తెలియకపోతే ఏడాది ఒక్కటే వేయండి.

ఫొటో గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. కార్డు మీదకి ఆధార్ ఫొటోనో, ఏదో పెళ్లిలో గ్రూపు ఫొటోలోంచి తల కత్తిరించిందో తెస్తారు. మీ అమ్మగారు పని చేస్తూ ఉన్న ఫొటో కోసం వెతకండి. ఇంట్లో లేకపోతే ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల ఇళ్లలో, ఆగస్టు పదిహేను నాటి ఫొటోల్లో వెనక ఎక్కడో నిలబడి ఉంటారు. పాత ప్రింటు అయితే ఫోనుతో ఫొటో తీయకండి, స్టూడియోలో 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోలా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఇంకో మాట. నాన్నగారు ముందే పోయిన ఇళ్లలో బొట్టు దగ్గర తగవు వస్తుంది. ఒకరు పెట్టమంటారు, ఒకరు తీసేయమంటారు. లేని నగలు, పట్టుచీర కంప్యూటర్లో వేయమనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆవిడ ఎలా ఉండేవారో అలాగే ఉంచండి, మెడలో పసుపుతాడే ఉంటే పసుపుతాడే.

పుస్తకం పెద్దది వద్దు. లోపల 16 పేజీలు, పైన అట్ట, మధ్యలో రెండు పిన్నులు. పేజీల లెక్క నాలుగు చొప్పున రావాలి, లేకపోతే ఖాళీ పేజీలు మిగులుతాయి. లోపలికి 80 జీఎస్‌ఎం మాప్లిథో, అంటే మెరుపు లేని మామూలు తెల్లకాగితం చాలు, ఆర్ట్ పేపర్ మెరుపుకి పెద్దవాళ్లు చదవలేరు. అక్షరాలు పెద్దవి పెట్టించండి. రెండొందల కాపీలైతే డిజిటల్‌లో వేయించుకోండి, అయిదొందలు దాటితే ఆఫ్‌సెట్ కలిసొస్తుంది. ప్రూఫు మీరు చూడకండి. మీ కళ్లకు తప్పులు కనిపించవు, నీళ్లు అడ్డొస్తాయి. అమ్మతో సంబంధం లేని స్నేహితురాలికి ఇవ్వండి.

సభ విషయంలో తొందర వద్దు. కాలనీవాళ్లను నెలన్నర ఆగమనండి, ఈలోగా మీరు వినాల్సినవి వింటారు. కల్యాణ మండపం కంటే అంగన్‌వాడీ సెంటరు ముందు వీధిలోనే నయం, ఆదివారం సాయంత్రం. కర్మకు రానివాళ్లు, వచ్చినా దూరంగా నిలబడ్డవాళ్లు చాలామంది ఉంటారు. చర్చికి వెళ్లేవాళ్లు, మసీదుకి వెళ్లేవాళ్లు, భోజనం దగ్గర మొహమాటపడేవాళ్లు. ఆవిడ చుక్కలు వేసిన పిల్లలు ఆ ఇళ్లలోనూ ఉన్నారు. వీధిలో పెడితే వాళ్లు వచ్చి కూర్చుంటారు. వేదిక, శాలువాలు, నాయకుల ప్రసంగాలు పెట్టకండి. నాయకుడు వస్తే ముందు వరుసలో కుర్చీ వేయండి, మర్యాద చాలు. మైకు అలవాటు లేనివాళ్లతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఒకసారి అలవాటున్నవాళ్లు అందుకుంటే వీళ్లు ఇంక నోరు విప్పరు. మాట్లాడలేనివాళ్లు చెప్పింది మీరు చదవండి.

విగ్రహం గురించి అన్నయ్యతో గొడవ పడకండి. అమ్మను ఎవరూ మర్చిపోకూడదన్న బాధతో అంటున్నారు ఆయన. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది, అది నెమ్మదిగా చెప్పండి. ఆ డబ్బుతో ఏం చేయాలో మీరు సేకరించిన మాటల్లోనే దొరుకుతుంది. ఆవిడ ఏదో ఒక పని తన చేతి డబ్బుతో చేసేవారు, ఎవరికీ చెప్పకుండా. ఇప్పుడు అది ఆగిపోయి ఉంటుంది. ఏమిటో కనుక్కుని అన్నయ్య పేరు మీదే మళ్లీ మొదలుపెట్టించండి.

తిథి, తేదీ రెండూ రాసి పెట్టుకోండి. తద్దినం తిథి ప్రకారం ఇంట్లో పెట్టుకుంటారు, అది ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా వేరే తేదీకి మారుతుంటుంది. కాలనీవాళ్లకు మాత్రం తేదీ చెప్పండి, లేకపోతే రెండో ఏడాదికి ఎవరూ గుర్తుపెట్టుకోలేరు.

సంక్రాంతికి మీరు తప్పకుండా రావాలి. మన వైపు అది పెద్దల పండగ, పోయినవాళ్లకు కొత్తబట్టలు పెట్టుకుంటాం. అమ్మకు పెట్టిన చీర ఇంట్లో ఆడపిల్ల కట్టుకుంటుంది, అది మీ హక్కు. మీ మనసు ఒప్పుకుంటే మాత్రం ఈ మొదటి ఏడాది రెండు చీరలు పెట్టండి, రెండోది సెంటర్లో అమ్మతో పాటు పనిచేసిన ఆయాకి ఇవ్వండి. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని గుడ్లు ఉడకబెట్టిన మనిషి దుఃఖాన్ని ఎవరూ పలకరించరు. కర్మ రోజు ఆవిడ వడ్డిస్తూ ఉండి ఉంటుంది, గుర్తు చేసుకోండి.

అందుకే మీరు మొదట వెళ్లాల్సింది ఆయా ఇంటికి. రేపే వెళ్లండి. కాగితం, కలం తీసుకెళ్లకండి. అమ్మ ఫోను పట్టుకెళ్లండి. అందులో ఆవిడకు పంపిన వాయిస్ మెసేజీలు ఉంటే ఒకటి వినిపించండి. తర్వాత ఆవిడ చెప్పేదాకా మీరు మాట్లాడకండి.